ఫొటో సరే, ఆ పైపులు ఏ కొట్లో కొన్నాడో అడిగారా?

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ ఒక ఫొటో వస్తుంటుంది. బైకు మీద ఇద్దరు మనుషులు, వెనకాయన భుజం మీద 20 అడుగుల పైపులు, ముందుకి ఓ ఆరడుగులు, వెనక్కి ఏడెనిమిది అడుగులు పొడుచుకొచ్చి ఉంటాయి. కింద 'ప్రమాదపు అంచున ప్రయాణం' అనో, 'ఆదమరిస్తే అంతే' అనో ఒక లైను. మీ ఒక్క పత్రికే అని కాదు, అందరూ వేస్తారు. చూసినవాళ్లు వీడికి బుద్ధి లేదు అనుకుని పేజీ తిప్పేస్తారు, అక్కడికి ఆ కథ అయిపోతుంది. నేను నరసరావుపేటలో పైపులు, మోటార్లు అమ్మే కొట్లో గుమస్తాని. ఆ ఫొటోలో ఉన్న మనిషి అరగంట ముందు మా కౌంటరు దగ్గరో, మాలాంటి ఇంకో కౌంటరు దగ్గరో నిలబడి డబ్బులు కట్టి ఉంటాడు. ఆ పైపుల్ని బండికి కట్టింది కూడా చాలాసార్లు కొట్లో పనిచేసే కుర్రాడే. ఈ సంగతి ఏ ఫొటో కిందా రాయరు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా ఒకటి తేల్చుకోవాలి. బండి మీద బరువు మోయడం వేరు, పొడుగు మోయడం వేరు. జనం రెండింటినీ కలిపేసి 'ఓవర్‌లోడు' అంటారు. మా వైపు ఎక్సెల్ బండి మీద యూరియా కట్టలు వేసుకుని పోనివాడు లేడు. వెనక సీటు ఊడదీస్తే వెనకో కట్ట, కాళ్ల దగ్గర ఇంకో కట్ట పడతాయి, గేర్ల గొడవ లేదు, పొలం గట్టు దాకా పోతుంది. అది ఆ పని కోసమే పుట్టినట్టుంటుంది, కాదనను. కానీ లెక్క చూడండి. స్ప్లెండర్ లాంటి బండికి కంపెనీ చెప్పే మోత 130 కిలోలు, అది కూడా నడిపేవాడితో కలిపి. యూరియా కట్ట ఇప్పుడు 45 కిలోలు, రెండు కట్టలు 90, మనిషి ఓ 65 అనుకున్నా పరిమితి దాటిపోయింది. వెనక బరువెక్కువై ముందు చక్రం తేలిపోతుంది, బ్రేకు వేస్తే బండి మనం అనుకున్న చోట ఆగదు. ఇది తప్పే. అయితే ఈ తప్పుకి ఎక్కువసార్లు కిందపడేది నడిపేవాడే.

పొడుగు సంగతి అలా కాదు. అక్కడ దెబ్బ తినేది పక్కవాడు.

బండి పొడవు రెండు మీటర్లు, అంటే ఏడడుగులకి తక్కువే. పైపు 20 అడుగులు. ఎలా కట్టినా 13 అడుగులు బయటే ఉంటుంది. బండి కుడికి తిరిగితే వెనకున్న పైపు తోక ఎడమకి ఊగుతుంది. తిప్పేవాడు ముందుకు చూస్తుంటాడు కాబట్టి తన వెనక ఏం జరిగిందో అతనికి తెలియదు. ఆ తోక సరిగ్గా వెనకొచ్చే బైకువాడి మొహం ఎత్తులో ఉంటుంది. సందులోంచి మెయిన్ రోడ్డు మీదకి వచ్చేటప్పుడు ఇంకా ఘోరం. నడిపేవాడి కన్ను రోడ్డుని చూసేసరికే పైపు ముందు కొన రోడ్డు మీద ఆరడుగులు వచ్చేసి ఉంటుంది. ఇక స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు రెండు కొనలూ ఎగిరి పడతాయి. రాత్రి పూట బూడిద రంగు పీవీసీ పైపు తారు రోడ్డు మీద కనపడదు. కొన గుండ్రంగా చిన్నగా ఉంటుంది కదా, వెనకవాడి లైటు దాని మీద పడినా అది తనకి ఎంత దూరంలో ఉందో కన్నుకి అందదు. ఇంకొందరు నిచ్చెనో, కర్టెన్ రాడ్లో ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చుంటారు. మన రెండు లేన్ల రోడ్డు మొత్తం వెడల్పే ఏడు మీటర్లు, అందులో రెండు మీటర్లు ఈయనే తీసుకుంటే ఎదురొచ్చేవాడు ఎక్కడికి పోవాలి?

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది అయితే అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే అని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఉత్త చేతులతో పోయేవాళ్లకే అలా ఉంటే, దాని మీద ఈ పైపులు.

మరి అన్నీ తెలిసీ రైతు ఎందుకు ఇలా తీసుకెళ్తాడు అంటే, మా కౌంటరు దగ్గర రోజూ జరిగే మాటలు ఇవీ:

"ట్రక్కు ఆటో మాట్లాడమంటావా బాబాయ్?"

"ఎంతంటాడు?"

"ఐదొందలు."

"పైపులు వెయ్యీ, ఆటో ఐదొందలా? కట్టబ్బాయ్, ఏం కాదులే, నిదానంగా పోతా."

ఇందులో ఎవర్ని తప్పు పడతారు? సబ్సిడీ డ్రిప్పు అయితే కంపెనీవాళ్లే సరుకంతా పొలం దగ్గరికి తెచ్చి దించుతారు, కొత్త బోరు వేసినప్పుడు పైపులన్నీ బండి కట్టించుకునే తీసుకెళ్తారు. బైకు మీదకి ఎక్కేది ఎప్పుడూ చిన్న సరుకే, అదీ అత్యవసరంగా కావాల్సిన సరుకు. ట్రాక్టరు తొక్కి పగిలిపోయిన ఒకటో రెండో పైపులు. అక్కడ మిర్చి మొక్క వాడిపోతుంటుంది, కరెంటు ఏ టైములో ఉంటుందో ఆ టైములోపే పైపు బిగించాలి. రెండు పైపులకి ఆటో ఎవడూ కట్టించుకోడు. ఒకప్పుడు పల్లెవెలుగు బస్సుకి వెనక నిచ్చెన, టాపు మీద క్యారియరు ఉండేవి. ఏ సామానైనా పైన పడేసి కండక్టరుకి లగేజీ టికెట్టు డబ్బులిస్తే ఊరి స్టాపులో దిగేది. ఆ టాపులు పోయాయి. వాటి బదులు ఏం వచ్చింది? ఏమీ రాలేదు, అందరి ఇళ్లలోకీ బైకు వచ్చింది, అంతే.

పట్నంవాళ్లు ఫొటో చూసి అనుకుంటారు గానీ ఆ రైతుకి భయం లేక కాదు. వచ్చేటప్పుడే పాత ట్యూబు ముక్కలు, గోనెసంచి తెచ్చుకుంటాడు, వెనక పట్టుకోవడానికి కొడుకునో బావమరిదినో ఎక్కించుకొస్తాడు, మెయిన్ రోడ్డు వదిలి డొంకదారిన పోతాడు. అతని చేతనైన జాగ్రత్తంతా అతను తీసుకుంటాడు. కొట్టు తీసుకోవాల్సిన జాగ్రత్త మాత్రం కొట్టు తీసుకోదు. సరుకు గడప దాటితే మా పూచీ లేదు అనుకుంటాం.

చట్టం ఏమంటోందో చూద్దాం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 194(1ఎ) అని ఒక సెక్షన్ పెట్టారు. సామాను బండి పక్కలకో, ముందుకో, వెనక్కో, పైకో పరిమితి దాటి పొడుచుకొస్తే 20 వేల రూపాయల జరిమానా, ఆ సామాను దించే ఖర్చు అదనం. మోటారు వాహనం అంటే అందులో బైకు కూడా వస్తుంది. మరి వెయ్యి రూపాయల పైపుకి 20 వేలు ఎవరు రాస్తారు, ఎవరు కడతారు? ఈ సెక్షన్ కింద బైకు మీద రైతుకి చలానా రాయగా నేనైతే చూడలేదు, రాయాలని కూడా అనను. మహా అయితే ఆపి నాలుగు తిట్టి పంపేస్తారు, లేదా హెల్మెట్ లేదని రాస్తారు. అంత పెద్ద జరిమానా ఉన్నా లేనట్టే. ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొచ్చేలా లారీల్లో వేసుకెళ్లడానికి ఉన్న వెసులుబాటుని 2014లో కేంద్రం తీసేసింది, మంచి పనే. డెలివరీ కుర్రాళ్లు బైకు వెనక పెట్టుకునే పెట్టెకి కూడా 2020లో కొలతలిచ్చారు, 550 మిల్లీమీటర్ల పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు దాటకూడదని. ఆ పెట్టెలో బిర్యానీ పడుతుంది. మా సరుకు పట్టదు.

అయితే ఆ 194(1ఎ)లో ఒక ముక్క ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. శిక్ష బండి నడిపినవాడికే కాదు, అలా నడిపించినవాడికీ, నడపనిచ్చినవాడికీ అని కూడా ఉంది. రాసినవాళ్ల మనసులో ఉన్నది బండి యజమానో, సరుకు ఎత్తించిన పెద్ద వ్యాపారో కావచ్చు. నేను లాయర్ని కాదు. కానీ 20 అడుగుల పైపుని బైకుకి నైలాను తాడుతో మూడు చోట్ల కట్టి, 'ఇక పో' అని వీపు తట్టి పంపించే కొట్టు 'నడపనిచ్చినవాడు' కాకపోతే ఇంకెవరు? జరిమానా అంటూ వేయాలంటే ముందు ఇక్కడ వేయండి, 20 వేలు కాకపోతే రెండు వేలే వేయండి. నెల తిరిగేలోపు పైపుల కొట్లన్నిటికీ డెలివరీ బండ్లు వచ్చేస్తాయి. మా షావుకారు ఇది చదివితే నాకు పనుంటుందో ఊడుతుందో తెలియదు గానీ, ఆయన కూడా మనసులో ఒప్పుకుంటాడనే నా నమ్మకం, ఎందుకంటే పక్క కొట్టువాడికీ ఇదే రూలు పడితే ఆయనకి పోయేదేం లేదు. ఇవాళ మేమొక్కళ్లమే 'బైకు మీదకి కట్టం' అన్నామనుకోండి, ఆ బేరం రోడ్డు దాటి ఎదురు కొట్టుకి పోతుంది. అసలు చిక్కు అంతా అక్కడే ఉంది.

డెలివరీ అనగానే ఖర్చు అంటారు. మా రోడ్డులో ఇలాంటి కొట్లు వరసగా ఉన్నాయి, ట్రక్కు ఆటోలు మధ్యాహ్నమంతా చెట్ల కింద ఖాళీగానే ఉంటాయి. కొట్లవాళ్లంతా కలిసి ఒక రోజు రొంపిచర్ల వైపు, ఒక రోజు నకరికల్లు వైపు, ఒక రోజు ముప్పాళ్ల వైపు అని సాయంత్రం పూట ఒక బండి పెట్టుకుంటే, ఒక్కడికి పడే ఐదొందలు ఎనిమిది మందికి పంచుకుంటే అరవై డెబ్బై పడుతుంది. అరవై రూపాయలకి పైపు ఊళ్లోకి వస్తుందంటే బైకు మీద కట్టమని ఎవడంటాడు? ఎరువుల కొట్లవాళ్లు పెద్ద రైతులకి ఇలా పంపిస్తూనే ఉన్నారు, కొత్త సంగతేమీ కాదు. చిన్న రైతు వెయ్యి రూపాయల బేరం కాబట్టి అతని కోసం ఎవరూ ఆలోచించలేదు.

మా ఊరి వైపు బండి వచ్చే రోజు దాకా ఆగలేను, ఇవాళే నీళ్లు పారాలి అనేవాడు ఉంటాడు, నిజమే. అతనికి పైపు కోసి ఇవ్వాలి. పీవీసీ అయితే మధ్యకి కోసి పదడుగుల ముక్కలు రెండు చేసి, రెండు ముక్కల్ని కలిపే కప్లింగు ఒకటి, అతికించే సొల్యూషను చిన్న డబ్బా ఇస్తే పొలంలో పది నిమిషాల్లో అతికించుకుంటాడు. పదడుగులు కూడా బండి కంటే పొడుగే, చట్టం ప్రకారం అదీ తప్పు కావచ్చు, కానీ 13 అడుగులు బయట ఉండటానికీ మూడడుగులు ఉండటానికీ చాలా తేడా ఉంది. కోసిన చోట లీకవుతుందని రైతుకి అనుమానం. సరిగ్గా గరుకుచేసి, తుడిచి, సొల్యూషను రెండు వైపులా రాసి, ఆరనిస్తే లీకవదు, ఎండలో హడావుడిగా తడి మీద పూస్తేనే లీకవుతుంది. కోయడానికి కొట్టువాళ్లకి బద్ధకం, కప్లింగు డబ్బులు ఎవరు పెట్టుకోవాలని వాదన. ఆ డబ్బులు కొట్టు పెట్టుకోవాలంటాను నేను, అంత చిన్న ఖర్చు దగ్గర బేరమేంటి. జీఐ పైపు, అంటే పూత వేసిన ఇనుప పైపు అయితే ఇది కుదరదు. కోస్తే మళ్లీ మరలు వేయించాలి. పైగా ఒకటింపావు అంగుళం జీఐ పైపు ఒక్కోటి 18, 19 కిలోలు తూగుతుంది, నాలుగు పైపులు కట్టారంటే అది బరువూ అయింది, పొడుగూ అయింది. అది బైకు మీద పోనే కూడదు, ఎవరు ఎంత బతిమాలినా సరే. ఇనుప చువ్వలూ అంతే. 12 మీటర్ల చువ్వని మధ్యకి మడిచినా 20 అడుగులుంటుంది, దాని కొన పైపులాగా మొద్దుగా ఉండదు, గుచ్చుకుంటుంది.

ఈ మధ్య బోర్లకి హెచ్‌డీపీఈ అనే వంగే నల్ల ప్లాస్టిక్ పైపు చుట్టలు వస్తున్నాయి కాబట్టి పొడుగు బాధ తగ్గింది అనుకున్నాం. ఇప్పుడు ఆ చుట్టని మెడలోంచి దండలాగా వేసుకుని, మధ్యలో కూర్చుని నడుపుతున్నారు. కట్టు తెగిందంటే అది స్ప్రింగులాగా విచ్చుకుంటుంది, చేతులు హ్యాండిల్ మీద ఉండవు. చుట్టని వెనక సీటు మీద పడుకోబెట్టి నాలుగు వైపులా కట్టాలి, వెనక మనిషిని ఎక్కించుకోకూడదు. చెబితే వింటారు. చెప్పేవాడు లేక ఇలా పోతున్నారు.

బండి మీద తీసుకెళ్లక తప్పదన్నవాళ్లకి మేం చెప్పేవి కొన్ని ఉన్నాయి, అవీ రాస్తాను, ఎవరికైనా పనికొస్తాయి. చాలా బైకులకి సైలెన్సరు కుడి వైపు ఉంటుంది. పీవీసీ ఆ వేడికి మెత్తబడి వంగిపోతుంది, కాబట్టి ఎడమ వైపే కట్టాలి. హ్యాండిల్‌కీ, ముందు ఫోర్కుకీ ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టకూడదు, కట్టాక బండి స్టాండు మీద ఉండగానే హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసుకోవాలి. చాలామంది ఇది చూడరు, మొదటి మలుపులో పైపు హ్యాండిల్‌కి అడ్డం తగిలాక తెలుస్తుంది. నైలాను తాడు జారుతుంది, పాత ట్యూబు కోసిన లబ్బరు పట్టీ జారదు. కొనల్లోకి గోనెగుడ్డ కుక్కి, పైన ఎర్రగుడ్డ కట్టాలి, రెండు కొనలకీ. చీకటి పడ్డాక పోనే వద్దు. భుజం మీద పెట్టుకుని పట్టుకోవడం మాత్రం అన్నిటికంటే చెడ్డ పద్ధతి, గుంటలో పడితే వెనకాయన పైపుని వదలడు, బండిని వదులుతాడు.

అద్దాలు, ప్లైవుడ్డు షీట్లు తీసుకెళ్లేవాళ్లది ఇంకో రకం. ఎనిమిదడుగులు నాలుగడుగుల షీటు పట్టుకుని కూర్చుంటే పక్క నుంచి లారీ పోయినప్పుడు ఆ గాలికి మనిషితో సహా లాగేస్తుంది. అది నా సరుకు కాదు కాబట్టి ఎక్కువ చెప్పను. రంగులేసేవాళ్లూ, కరెంటు పనివాళ్లూ మోసే నిచ్చెనలకైతే మడిచేవి వచ్చేశాయి, పని ఇచ్చే కాంట్రాక్టరు కొనిపెట్టాలి, ఐదొందల కూలికి పోయేవాడు కొనలేడు. పెళ్లిళ్ల రోజుల్లో అరటి బోదెలు, కోటప్పకొండ తిరునాళ్ల ముందు ప్రభలకి వెదుళ్లు బైకుల మీద పోతుంటాయి, వాటికి ఎవరూ ఫొటో తీయరు, తీసినా 'సందడి' అని రాస్తారు!

మీ పత్రికని నేను అడిగేది ఇంతే. ఆ ఫొటోలు వేయడం మానమని అనను, వేయండి. కానీ ఈసారి మీ విలేకరి ఆ బండిని దాటేసి క్లిక్ కొట్టి పోకుండా, ఒక నిమిషం ఆపి ఆ మనిషిని అడగమనండి, ఏం సరుకు, ఎక్కడ కొన్నావు, ఎంత దూరం పోవాలి, కొట్టువాళ్లు బండి మాట్లాడతామన్నారా, ఆటోవాడు ఎంత అడిగాడు అని. అవి ఫొటో కింద రెండు లైన్లలో రాయండి. తర్వాత ఆ కొట్టుకెళ్లి మీరు డెలివరీ ఎందుకు పెట్టలేదని షావుకారుని అడిగి అదీ రాయండి. మనిషి మొహం కనపడకుండా వేస్తే ఇంకా మంచిది, ఊళ్లో పరువు పోయిందని అతను బాధపడటం తప్ప ఆ మొహం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మునిసిపాలిటీవాళ్లు మాకు ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు పది అడుగులు దాటిన సరుకుని బైకు మీదకి ఎత్తించం అని ఒక సంతకం తీసుకోవడానికి ఏం అడ్డమో కూడా ఎవరైనా కమిషనర్ గారిని అడిగితే బాగుంటుంది. నేను అడిగితే పలకరు, పత్రికవాళ్లు అడిగితే పలుకుతారు.

ఇట్లు,
పైపుల కొట్టు గుమస్తా,
నరసరావుపేట, పల్నాడు జిల్లా